సున్నాకి ఒకటే కాడ

కిందటి నెల మా అపార్ట్‌మెంటులో బళ్ళు నిలిపే చోట గోడ మీద అంకెలు వేయించారు. ఇద్దరు మనుషులొచ్చి, కత్తిరించిన అట్టను గోడకు ఆనించి, రంగు డబ్బా నొక్కి స్స్‌మని కొట్టుకుంటూ పోయారు. అట్ట గోడకు అంటిందో లేదో చూసుకోలేదు, డబ్బాను మరీ దగ్గరగా పట్టుకున్నారు. నా వంతు ఎనిమిది బూజు పట్టిన బూరెలా తయారైంది. సెక్రటరీకి మూడు సార్లు కాగితం రాసి ఇచ్చాను. జవాబు లేదు. నాలుగోది కూడా రాస్తాను. కాని ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ అంకె గురించి కాదు, ఆ వాసన గురించి. ఎనామిలు వాసన మెట్ల మీదుగా పైకొచ్చేసరికి, ఎనభై దాటిన నన్ను ఎవరో వీధిలోంచి పేరు పెట్టి పిలుస్తారని, బయటికి రమ్మంటారని అనిపించింది. తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ వాసన నాకు ఎప్పుడూ ముందు భయాన్నే తెస్తుంది, తరవాతే పైడయ్య మేస్త్రిని.

పైడయ్య మేస్త్రి ఎవరో మీకు తెలియదు. విజయనగరం నుంచి రాజాం వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఆయనకు రంగుల కొట్టుండేది. ఆ ఊరి పేరు చెప్పను. ఆ ఊరితో నా తగువు ఇంకా తీరలేదు. డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి నాకు అన్ని అర్హతలూ ఉండగా, గీత తిన్నగా గీయలేని ఇంకొకడికి ఇచ్చారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇంట్లో కూర్చుని తినలేక మేస్త్రి దగ్గర పనిలో చేరాను. చేరిన రోజునే ఎవరో ఆయన చెవిన వేశారు కాబోలు, నన్ను ఎగాదిగా చూసి, "ఏటి డ్రాయింగు మాస్టరూ, రంగు వడకట్టడం వచ్చునా?" అన్నాడు. అప్పట్నుంచి నా పేరు సత్యారావు కాదు, డ్రాయింగు మాస్టరే. బజారంతా అదే పేరు పట్టుకుంది. ఆ మాట మొదట అన్న రోజు ఆయన వేసుకున్న బనీను రంగు కూడా నాకు గుర్తుంది.

ఆయన పని కుంచెతో కాదు, గాలితో. దోమల మందు కొట్టే చేతిపంపులో రంగు పోసి, రేకులో కోసిన అక్షరాల మీద కొట్టేవాడు. మిల్లు బస్తాలు, లారీ వెనక తలుపులు, ఎన్నికలప్పుడు గోడలు, అన్నీ అలాగే. మా వైపు అలా కొట్టేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు కాని, వాళ్ళ అక్షరాల చుట్టూ రంగు పొగలా పాకేది. ఈయనవి బ్లేడుతో కోసినట్టు నిలిచేవి. కిరసనాయిలు డబ్బా రేకును తిన్నగా సాగగొట్టి, చిన్న ఉలితో అక్షరం తొలిచి, అంచులను ఆకురాయితో రుద్దేవాడు. ఉలి దిగిన చోట రేకుకు గరుకు లేస్తుంది. ఆ గరుకు వైపు గోడకు ఆనితే రేకు లేచి నిలబడుతుంది, సందులోంచి రంగు లోపలికి దూరుతుంది. అందుకని గరుకు ఎప్పుడూ మన వైపే ఉండాలి. రంగును పాత పంచె గుడ్డలో రెండు సార్లు వడకట్టాలి. బొటనవేలి గోటి మీద చుక్క వేస్తే అది జారకూడదు, గడ్డలా నిలవకూడదు. పంపు రేకుకు జానెడు దూరంలో ఉండాలి.

"అచ్చరం మీద మొదలెట్టీకు," అనేవాడు. "బయట మొదలెట్టు, అచ్చరం దాటినాక ఆపు. మొదటి ఊపులో పంపు ఉమ్మేస్తాది. ఆ ఉమ్మి రేకు మీద పడాల గాని గోడ మీద పడకూడదు."

"మరి రంగు పలచగా కనబడుతోంది కదా మేస్త్రీ," అన్నాను ఒకసారి.

"కనబడనీ. మూడు సార్లు పలచగా కొట్టినోడు మేస్త్రి. ఒకేసారి దట్టంగా కొట్టినోడు డ్రాయింగు మాస్టరు."

కొట్లో ఉన్న ముగ్గురూ నవ్వారు. వాళ్ళ పేర్లు కూడా రాయగలను.

ఆయన పనితనమంతా సున్నాలో ఉండేది. రేకులో సున్నా కోస్తే మధ్య బిళ్ళ ఊడి పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి కొంచెం రేకు వదలాలి. కాయను తీగకు పట్టి ఉంచేదానిలా ఉంటుందని దాన్ని కాడ అనేవాళ్ళం. అందరూ సున్నాకి పైనొకటి, కిందొకటి, రెండు కాడలు వదిలేవారు. అచ్చు వేశాక సున్నా రెండు ముక్కలుగా కనబడేది. మేస్త్రి ఒక్క కాడే వదిలేవాడు, అదీ కింద ఎడమవైపు, ఏటవాలుగా, సన్నగా. ఒక్క కాడతో బిళ్ళ అదురుతుంది కనక ఎడమ చేత్తో సైకిలు చక్రం పుల్లను దాని మీద అదిమి పట్టి, కుడి చేత్తో పంపు కొట్టేవాడు. పుల్ల నీడ కూడా గోడ మీద పడేది కాదు. అది నాకు పట్టుబడడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

పట్టుబడిందని నేననుకున్నాను. మిల్లు షావుకారు కొత్త గోదాముకు పేరు వేయమన్నప్పుడు మొదటి వరస నేనే కొట్టాను. షావుకారు ముచ్చటపడి చూస్తున్నాడు. మేస్త్రి వచ్చి, కిరసనాయిలు గుడ్డ తీసి వరసంతా తుడిచేశాడు.

"ఏటి మేస్త్రీ, బాగానే ఉన్నాది కదా?" అన్నాడు షావుకారు.

"దూరం నించి బాగుంటాది బావూ. ఈడి రాత బడికి పనికొస్తాది, గోడౌనుకి పనికిరాదు."

తడి గోడ ముందు, పదిమంది కూలీల ముందు, నా చేతిలో పంపు అలాగే ఉంది. అక్కడ ఏం తప్పుందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథంతా ఉండేది కాదేమో. అడగకుండా లోపల పెట్టుకున్నాను.

అవి కొండల వైపు భూమి కోసం గొడవలు మొదలైన రోజులు. పోలీసు జీపులు దుమ్ము రేపుకుంటూ తిరిగేవి. గోడ మీద ఎర్ర రంగు కనబడితే చదువు రానివాళ్ళు కూడా తల దించుకుని నడిచేవారు. అలాంటప్పుడు, నాతో చదువుకున్న ఒకాయన వచ్చి ఒక రేకు కోసిపెట్టమన్నాడు. మూడు మాటలు: మా పంట మాకే. ఎందుకో నేనడగలేదు, నాకు తెలుసు కనక. పంట మీద నాకు ఆవేశమేమీ లేదు, మాకు సెంటు భూమి లేదు. తుడిచెయ్యడానికి ఎవరూ దగ్గరికి రాని గోడ మీద నా అక్షరాలు ఒక్కసారి నిలవాలనుంది, అంతే. రేకు నేనే కోశాను. కొట్టింది కూడా నేనే, తాలూకా ఆఫీసు ప్రహరీ మీద, ఆదివారం తెల్లవారుతుండగా. మూడు పలచటి పూతలు కొట్టాను. పంటలో సున్నాకి ఒకటే కాడ. రేకును మళ్ళీ కొట్లోకి తెచ్చి మిల్లు రేకుల దొంతరలో దూర్చాను. అంతకన్నా తెలివితక్కువ చోటు ఇంకోటి లేదని ఆ రాత్రికి గాని తోచలేదు.

సోమవారం పొద్దున్నే రేకు తీసేద్దామని వెళ్ళాను. దొంతర ఉంది, నా రేకు లేదు. మేస్త్రి గుమ్మంలో కూర్చుని రంగు కలుపుతున్నాడు. తల ఎత్తలేదు. నేను వెళ్ళి రంగు వడకట్టడానికి కూర్చున్నాను. ఆ రేకు ఎవరి చేతిలో ఉందో తెలియక మూడు రోజులు అన్నం సయించలేదు. వీధిలో సైకిలు బెల్లు మోగినా లేచి నిలబడేవాణ్ణి. గురువారం పదిగంటలకు ఎస్సై కొట్టు ముందు జీపు దిగాడు. వెనక కానిస్టేబులు ఒక ఖాళీ మిల్లు బస్తా పట్టుకున్నాడు. బస్తా మీద నెం. అని మా అచ్చు. ఆ బస్తాను గోడ పక్కన పెట్టి చూశారట. రెండు సున్నాలూ ఒక్కలా ఉన్నాయట.

"ఈ సున్నా ఎవరిది?" అన్నాడు ఎస్సై, బస్తా మేస్త్రి ముందు పరిచి.

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, వంగి, తన సున్నాను తానే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"నాది కాదు బావూ. ఈ బస్తాకి కొట్టిన రేకు రాజాం సంతలో కొన్నాను. ఎవుడు కోసినాడో మరి, బాగానే కోసినాడు."

"నువ్వు కొయ్యలేవా?"

"ఇంత పని నాకేటి వస్తాది? కావాలంటే సూడండి."

ఎస్సై బల్ల మీద కూర్చుని సోడా తెప్పించుకున్నాడు. పంట అని ఒక్క మాట కోసి, కొట్టి చూపించమన్నాడు. వీధిలో జనం పోగయ్యారు. షావుకారు కూడా గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి గంట సేపు కోశాడు. సున్నాకి పైనొక కాడ, కిందొక కాడ. ఆకురాయి ముట్టుకోలేదు. తరవాత రేకును గరుకు వైపు గోడకు ఆనించాడు. అది చూసి నా ఒళ్ళు జలదరించింది. వడకట్టని రంగు పోశాడు, బెత్తెడు దూరంలో పంపు పట్టాడు, అక్షరం నడిమధ్య మొదలుపెట్టి ఒకేసారి దట్టంగా కొట్టాడు. పంపు ఉమ్మింది. రంగు అంచు కింద పాకి, కన్నీళ్ళలా కిందికి కారింది. చెయ్యి వణికిస్తున్నాడని నాకొక్కడికే తెలుసు.

"అయ్యో, మేస్త్రి సెయ్యి పోయినాది," అన్నాడు షావుకారు, జాలిగానే.

ఎస్సై నా వైపు తిరిగాడు. "వీడెవడు?"

"ఈడా? డ్రాయింగు మాస్టరు బావూ," అన్నాడు మేస్త్రి. "పంపు పట్టుకోడం కూడా రాదు. రంగు వడకట్టడానికి ఉంచుకున్నాను. అదీ సరిగ్గా రాదు."

జనం నవ్వారు. ఆ మాట నన్ను బతికించడానికే అన్నాడని నాకు తెలుసు. తెలిసి కూడా నా చెవులు కాలిపోయాయి. "నాకు రాదని ఎవరన్నారు?" అంటూ పంపు అందుకున్నాను. ఇంత కాలం తరవాత కూడా ఆ క్షణానికి నాకు సంజాయిషీ దొరకలేదు. నా ఎడమ చెయ్యి దానంతటదే సైకిలు పుల్ల కోసం వెళ్ళింది. పుల్ల మీద వేళ్ళు పడ్డాయి. అప్పుడు చెంప మీద మేస్త్రి దెబ్బ పడింది. గట్టిగానే పడింది. పంపు చేతిలోంచి జారి రంగంతా నేల పాలైంది.

"రంగు నీ బాబు కొన్నాడేట్రా? ఎల్లు, ఎల్లి నీళ్ళు తే."

ఎస్సైకి నవ్వొచ్చింది. సోడా పూర్తి చేసి, బస్తా అక్కడే పడేసి, రాజాం సంత వాకబు చెయ్యమని కానిస్టేబులుకు చెప్పి వెళ్ళిపోయాడు. నేను నూతి దగ్గర చేద పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

ఆ తరవాత మేస్త్రి ఆ సంగతి ఎత్తలేదు. మేస్త్రి చెయ్యి పోయిందన్న మాట మాత్రం ఊళ్ళో నిలిచిపోయింది. మిల్లు బస్తాలు విజయనగరం వాళ్ళకు వెళ్ళాయి. లారీల వాళ్ళు తగ్గారు. ఒక్క గోడ మీద ఒక్క వరస శుభ్రంగా కొడితే ఆ మాట పోయేది. ఆయన కొట్టలేదు. అప్పట్నుంచి సున్నాకి అందరిలాగే రెండు కాడలు కోశాడు, చివరిదాకా. నేను కోయబోతే, "రెండు," అనేవాడు, అంతే. నాలుగేళ్ళు అలాగే గడిచాయి. జీపు చప్పుడు వినబడని వారాల్లో కూడా నేను ఆ చప్పుడు కోసమే చెవులు పెట్టి పని చేశాను. తరవాత గరివిడిలో సొంత కొట్టు పెట్టుకున్నాను.

చాలా ఏళ్ళకు, ఆయనకు ఆయాసం ముదిరిందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. జీవితమంతా పీల్చిన రంగు ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడట. ఆయన మంచం మీద దిళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఆ గోడ మీద సున్నా నాది మేస్త్రీ," అన్నాను.

"నాకు తెల్దేటి?" అన్నాడు. కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "ఆదివారం పొద్దున్నే ఎల్లి సూసినాను. తిరిగొచ్చి రేకు ముక్కలు సేసి నూతిలో ఏసీసినాను."

"నా వల్ల నీ పని పోయింది."

"పోయినాది." దాన్ని ఆయన తగ్గించి చెప్పలేదు. ఫరవాలేదనలేదు. "సున్నా బాగా కొట్టినావు. నాకంటే బాగా. మరి ట మలుపులో రంగు ఊరినాది. సైకిలు పుల్ల తీసీగానే రేకు కదిపీసినావు. గోడౌను కాడా అదే సేసినావు. అందుకే తుడిసీసినాను."

ఇన్నేళ్ళూ నేను లోపల దాచుకున్నదానికి కారణం ఇంత చిన్నదా అనిపించింది. అయినా నోరు ఊరుకోలేదు. "ఊరలేదు మేస్త్రీ. మూడు పూతలూ పలచగానే కొట్టాను."

"ఊరినాది."

"ఊరలేదు."

"సూసినోడ్ని నానా, నువ్వా?" అన్నాడు, ఆయాసపడుతూనే నవ్వుతూ. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి ఇద్దర్నీ కసిరింది.

అదే ఆఖరు. ఆ గోడకు ఆ వారంలోనే సున్నం కొట్టేశారు కనక, ఎవరిది నిజమో తేల్చే దారి లేదు. ఊరలేదని నేను ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. కాని ఈ వయసులో ఎప్పుడైనా అచ్చు కొట్టినా, రేకు తీసే ముందు నా చెయ్యి ఆగుతుంది. ఇరవై దాకా లెక్కపెట్టి, అప్పుడే తీస్తాను.