స్కాలర్‌షిప్పూ, నా కుడి బొటనవేలూ

మీకిప్పుడు ఒక మహా సంగ్రామం గురించి చెప్పబోతున్నాను. ఇందులో అడవి ఉంది, దూరప్రయాణం ఉంది, కొండంత సర్కారు ఉంది, దానికి ఎదురు నిలిచిన ఒంటరి ఆడపిల్ల ఉంది. ఆ ఆడపిల్ల నేనే. సరే, సంగ్రామం అన్నమాట కాస్త ఎక్కువైంది. జరిగిందల్లా ఒక చిన్న గాజుపలక మీద నా వేలిముద్ర పడకపోవడం.

జగదల్‌పూర్‌లో బీఏ మొదటి ఏడాది ముగించుకుని ఎండాకాలం సెలవులకు మా ఊరు మరైగూడ వచ్చాను. మా ఇంట్లో సెలవులంటే తునికాకు. పొద్దున్నే అడవికి పోయి ఈ బీడీల ఆకు కోయాలి, మధ్యాహ్నమంతా నీడన కూర్చుని కట్టలు కట్టాలి. రాజనీతి శాస్త్రం చదివొచ్చినంత మాత్రాన తునికాకు ఎవరినీ గౌరవించదు. కట్టను బొటనవేలితో అదిమిపట్టి నార బిగిస్తాం. సీజన్ సగమయ్యేసరికి ఆ వేలి మీద గీతలు అరిగి, పసరుకు నల్లబడి, అది నా వేలో మా ఎద్దు గిట్టో చెప్పడం కష్టమైంది.

సరిగ్గా అప్పుడే కాలేజీ నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నెలాఖరులోగా వేలిముద్ర వేసి ఆధార్ ధ్రువీకరించుకోనివాళ్లకు రెండో ఏడాది స్కాలర్‌షిప్ ఉండదట. నా ఫీజు, గది అద్దె, తిండి అన్నీ దాని మీదే. నాయిన రేపు వాన పడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు:

"వస్తే జగదల్‌పూర్ పోతవ్. రాకుంటే ఇంటికాడ ఉంటవ్."

మాకు దగ్గరి టౌను కుంట. అక్కడి బజారులో ఒక తెలుగు కోమటాయన ఆన్‌లైన్ దుకాణం నడుపుతాడు. ఆయన నా బొటనవేలిని యంత్రం మీద అటూ ఇటూ పొర్లించాడు. ఎర్ర లైటు. మళ్లీ ఎర్ర లైటు.

"ఏందమ్మా, నీ వేలికి గీతలే లేవు. అసలు మనిషివేనా?"

"మొన్నటిదాంక మనిషినే అన్నా. తునికాకు మొదలైంది గద."

"అయితే పని బంద్ జెయ్యి. నూనె రాసి వేలు మెత్తబడనియ్యి. గీతలొచ్చినంక రా."

ఇంట్లో అమ్మ ఆ మాటను డాక్టరు చీటీకన్నా గట్టిగా పట్టుకుంది. పూటపూటకీ ఇప్పనూనె రాసి, పాత చీర పేలిక చుట్టి, నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. ఆకు ముట్టొద్దు. రోకలి పట్టొద్దు. గిన్నెలు తోమొద్దు. చదువు వల్ల మనిషి జీవితం మెరుగవుతుందని పుస్తకాల్లో చదివాను కానీ, ఇంత తొందరగా అవుతుందనుకోలేదు.

నా వంతు ఆకు కూడా తానే కడుతున్న వదినకు మాత్రం ఇది అంతగా నచ్చలేదు.

"పెండ్లికూతురుకు గూడ ఇంత సేవ జెయ్యలే మేము," అంది ఓ మధ్యాహ్నం, కట్ట బిగిస్తూ.

"పెండ్లికూతురుకు సర్కారు పైసలియ్యదు గద వదినా."

"ఎందుకియ్యదు? సామూహిక పెండ్లిళ్లల్ల ఇస్తలేరా? నీ గీతలు రాకుంటే తీస్కపోయి అండ్ల కూసోబెడతం."

నవ్వాను. తర్వాత పేలిక విప్పి వేలు చూసుకున్నాను. గీతలేమైనా వచ్చాయా అని.

నెలాఖరు దగ్గరపడింది. కుంటలో మళ్లీ ఎర్ర లైటే. కోమటాయన తన యంత్రం పాతదని, జగదల్‌పూర్‌లో కాలేజీ ముందర కొత్తవి ఉంటాయని చెప్పి పంపాడు. నాయినా నేనూ బస్సెక్కాం. పక్క సీటు పెద్దాయన నా పేలిక వైపు చాలాసేపు చూశాడు.

"పాము కరిసిందా?"

"కాదు," అన్నాడు నాయిన. "స్కాలర్‌షిప్."

ఆయన జాలిగా తలూపాడు. "మంచిగైతదిలే. మా అల్లునికి గూడ అయింది."

కాలేజీ ముందర కంప్యూటర్ దుకాణంలో నా ఈడు పిల్లే కూర్చుని ఉంది. నాయిన స్వయంగా పేలిక విప్పి, నూనె తుడిచి, గుడిలో కొబ్బరికాయ అందించినట్టు నా వేలిని ముందుకు పెట్టాడు. ఎర్ర లైటు. తుడిచి మళ్లీ పెట్టాం. మళ్లీ ఎర్రదే. ఏదో ఒక జోకు వేద్దామని చూశాను. ఒక్కటీ తట్టలేదు. నాయిన నా భుజం మీద చెయ్యేశాడు.

"పోనీలే బిడ్డా. ఏడాది ఇంటికాడ ఉంటే ఏమైతది."

ఆ పిల్ల తెర మీంచి కళ్లు కూడా తిప్పకుండా, "దూస్రీ ఉంగ్లీ లగావో," అంది.

వేరే వేలు పెట్టమంటోంది. నాయినా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఎడమచేతి ఉంగరపువేలు పెట్టాను. అది ఏనాడూ ఏ పనీ చేసి ఎరగదు. పచ్చ లైటు.

మా దగ్గర రేషన్ బియ్యానికి బొటనవేలు, ఆకు పైసలకు బొటనవేలు, తాతల నాటి పట్టాల మీదా బొటనవేలు. మిగతావాటితో సర్కారుకు పని ఉంటుందని మాకే కాదు, ఆ కోమటాయనకు కూడా తోచలేదు. నాయిన దుకాణం మెట్ల మీదే కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. సమోసాలు కొనిపెట్టాడు. నేను రెండో ఏడాది గది చూసుకోవడానికి వెళ్తూ అమ్మకు ఫోన్ చేశాను.

"ఎడమచెయ్యా?" అంది అమ్మ, అంతా విని. "సర్కారుకు ఎడమచేత్తో ఇచ్చినవా? ఏమన్నలేదా వాళ్లు?"

"ఏమనలేదమ్మా. ఐపోయింది."

"మరి ఇన్ని దినాలు వదినతోని ఆకంత కట్టిపిస్తివి గదనే."

వదినకని ఇంకో రెండు సమోసాలు కట్టించాను. ఆధార్ తీసేటప్పుడు పది వేళ్ల ముద్రలూ తీసుకుంటారు. వాటిలో ఏది పెట్టినా సరిపోతుంది.