రెక్క కింద టీ

ఎనభైల్లో పత్తికి తెల్లదోమ పట్టినప్పుడు, మార్టూరు దగ్గర మట్టి రన్‌వే నుంచి ఎగిరి చేలకు మందు చల్లే విమానాలకు నేను ఇన్‌చార్జిని. సాయంత్రం పైలట్లు, మెకానిక్కులు, ఎక్కడ మందు చల్లాలో పైలట్‌కు తెలిసేలా చేలల్లో జెండాలు పట్టే కూలీలు అందరూ విమానం రెక్క కింద టీ తాగుతూ, ఆ రోజు ఎవరు ఎక్కడ పొరబడ్డారో చెప్పుకునేవారు.

ఒకసారి కొత్త పైలట్, "చేను చివర కరెంటు తీగ కనపళ్ళేదండి. కొంచెంలో తప్పింది" అన్నాడు.

"భయమైతే ఎడ్లబండి తోలుకోవయ్యా, పెట్రోలన్నా మిగులుద్ది" అన్నాను. అందరూ నవ్వారు.

మర్నాటి నుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. మెల్లగా టీ కూడా షెడ్డు వెనక్కి మారింది. రెక్క కింద ఒక్కణ్ణే కూర్చుని, తప్పులు తగ్గాయని సంబరపడ్డాను. పై ఆఫీసుకూ అదే చెప్పాను.

సీజను చివర్లో ఆ కొత్త పైలట్ విమానం చక్రానికి తెగిన కరెంటు తీగ చుట్టుకుని కనిపించింది. అతన్ని పిలిచాను.

"ఏమైందయ్యా?"

"ఏం లేదండి. అంతా బాగానే ఉంది" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ సాయంత్రం షెడ్డు వెనక్కి వెళ్ళి, అతన్ని ఎగతాళి చేయడం నా తప్పేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. వాళ్ళు గ్లాసులు కడిగి బోర్లించి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.