మా ఈస్టు మేడంగారు

మా బాటనీ మేడంగారు పోయారన్న కబురు నాకు కువైట్ నుంచి వచ్చింది. అక్కడ నర్సుగా పనిచేస్తున్న నా డిగ్రీ స్నేహితురాలు ఫోన్ చేసి, "మన ఈస్టు మేడంగారు పోయేరే. నిద్రలోనే వెళ్లిపోయేరంట," అంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆ తర్వాత తనకి మల్లెపూల క్లాసు గుర్తొచ్చింది. ఇక నవ్వు ఆగలేదు.

అమలాపురంలో మాకు పాఠం చెప్పేనాటికే ఆవిడకు నలభై దాటాయి. అయినా వేసవి సెలవులు రాగానే పీహెచ్‌డీ పని మీద విశాఖపట్నం వెళ్లేవారు. రొట్టెను పొంగించే ఈస్టు మీద పరిశోధన. ఈస్టు కణం ఫాస్ఫేటును పొడవాటి గొలుసులుగా గుచ్చి దాచుకుంటుందనీ, అవసరం పడితే ఆ గొలుసుల్ని తెంపడానికి ఎంజైములుంటాయనీ చెప్పారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా మొహాలు చూసి, జడలోని మల్లెదండ తీసి బల్ల మీద పెట్టారు. చివర్నుంచి ఒక్కో పువ్వూ లాగుతూ, "ఇది ఒక ఎంజైము పనమ్మా," అన్నారు. మిగిలిన దండను మధ్యలో కత్తిరించి, ఇది ఇంకోదాని పని అన్నారు. గంట కొట్టేసరికి బల్ల నిండా పూలు. ఆ సాయంత్రమే ఆవిడకు పేరు పెట్టేశాం.

ఆ పేరు తెలిసి మురిసిపోయారు. తెలియదని చెప్పడానికి సిగ్గెందుకమ్మా, నాకూ తెలియకే కదా ఇంకా చదువుతున్నాను అనేవారు. ఆ మాటతోనే మాలో చాలామందికి నోరు పెగిలింది.

మా ఆఖరి సంవత్సరంలో పెద్ద తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు తీగల మీద పడి ఊరంతా కరెంటు పోయింది. ఎన్నో వేసవుల కష్టంతో ఈస్టులోంచి వేరుచేసిన ఎంజైము చిన్న సీసాలో కాలేజీ ఫ్రిజ్‌లో ఉంది. చల్లదనం తగ్గితే అది చచ్చిపోతుంది. మేడంగారు గేటు దగ్గర నిలబడి, ఓడలరేవు నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చే ఆయన్ని ఆపి ఐసు అడిగారు. జనరేటరున్న ఐసు ఫ్యాక్టరీ ఒకటి నడుస్తోందని ఆయన చెప్పాడు.

"ఏ సేపకండీ ఇంత ఐసు?"

"చేప కాదండీ. వేలెడంత సీసా. అది పాడైపోతే నా చదువంతా పోద్దండీ."

"ఆయ్," అని వెళ్లాడు. బోట్లు వేటకి వెళ్లకపోయినా, పడిన చెట్లను తప్పించుకుంటూ రోజూ ఊకలో కప్పిన ఐసు తెచ్చాడు. దాన్ని మేం వంతులవారీగా పగలగొట్టి సీసా చుట్టూ పేర్చేవాళ్లం.

కరెంటు వచ్చిన రోజు ఆ సీసాలోని ఎంజైముకి పరీక్ష. ఎంజైము బతికుంటే గొలుసులు తెగి, ఫాస్ఫేటు విడివడి, మందు కలపగానే ట్యూబు నీలంగా మారాలి. మారలేదు. మేడంగారు కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి అడుగున సన్నగా రంగు కనిపించింది. చూస్తుండగానే చిక్కబడింది.

ఆవిడ ట్యూబు పట్టుకుని, అప్పుడే ఐసుతో వచ్చిన ఆయన కోసం గేటుకి పరిగెత్తారు.

"మీ ఐసే బతికించిందండీ," అన్నారు.

"అయితే మనవూ కాస్త డాక్టరు పని చేసేవన్నమాటండీ," అన్నాడాయన.

తర్వాత డాక్టరేట్ వచ్చింది, సన్మానమూ జరిగింది. నేను మాత్రం ఆవిడను తలుచుకుంటే ఆ గేటు దగ్గరే చూస్తాను. ఆయన మోపెడ్ ఇంజను ఆపి వింటున్నాడు. ఆవిడ ట్యూబును ఎండకెత్తి గలగలా చెబుతూనే ఉన్నారు. ఆ నీలం వెలుగు ఆవిడ చెంప మీద కదులుతోంది.