లక్షా నూటపదహారు వత్తులు

నిన్న రాజమండ్రి బజారులో కొన్న వత్తుల ప్యాకెట్టు విప్పగానే, దూదిలోంచి వచ్చిన పొడి వాసన నన్ను నిడదవోలులో మా అమ్మమ్మగారింటి నడవలో కూర్చోబెట్టింది. డైరీ రాసే అలవాటు అప్పటికి లేదు కనుక తేదీ చెప్పలేను. వచ్చే ఏడు తొమ్మిదిలో పెద్ద లెక్కలైన కాంపోజిట్ తీసుకోవాలా, తేలికైన జనరల్ తీసుకోవాలా అని ఇంట్లో తర్జనభర్జన జరుగుతున్న కార్తీకం అది.

"ఆడపిల్లకి జనరల్ చాలమ్మా. కాంపోజిట్ చదివి మిల్లు నడుపుతావా ఏంటి?" అనేవారు బియ్యం వ్యాపారి అయిన మా తాతయ్య. ఆయన మాటే ఇంట్లో ఆఖరిమాట.

అమ్మమ్మ లక్షవత్తుల నోము పట్టింది. ఆషాఢపు జల్లుల నుంచి నాగులచవితి చిమ్మిలి దాకా, వేళ్లకు విభూది రాసుకుని, గింజ తీసిన పత్తిని పలచగా సాగదీసి, ఆడవాళ్లంతా వత్తులు చేస్తూనే ఉన్నారు. ఒట్టి సున్నాలతో ముగించడం ఇష్టంలేక ఆమె పైన నూటపదహారు చేయించింది. కట్టకు నూటెనిమిది చొప్పున కట్టాలంది.

"చివర్న కుంటికట్ట మిగులుతుందే," అని నవ్వారు తాతయ్య.

పలకమీద భాగించాను. లక్షకైతే వంద మిగిలింది. దానికి నూటపదహారు కలిపితే సరిగ్గా రెండు నూటెనిమిదులు.

"మిగలదు తాతయ్యా!"

"మిగలకపోతే నువ్వడిగిన లెక్కలే చదువుకో, పో."

కట్టలు కట్టారు. చివరి కట్టకు వత్తులు చాలలేదు. తాతయ్య కండువా దులుపుకుని లేచారు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ భాగించాను, తప్పు లేదు. అయితే తప్పు కట్టిన చేతుల్లోనే ఉండాలి. ఒక్కొక్కరినీ నా ఎదుట లెక్కపెట్టమన్నాను. మావైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అంటారు. ఏనాడూ కొట్లో కూర్చోని మా పిన్ని వంతు వచ్చింది.

"లాభం... ఒకటి... రెండు..."

"అదేంటి పిన్నీ, లాభమే ఒకటి కదా!"

"ఓసి నీ తెలివి! శుభమా అని ముందో లాభం వేశాను. దాన్నీ లెక్కలోకి తెస్తారేంటే?"

"వ్యాపారి ఇంట పుట్టావే, ఎవరైనా వింటే నవ్వుతారు," అంది అమ్మమ్మ, తనే ముందు నవ్వుతూ.

పిన్ని కట్టిన ప్రతి కట్టలోంచీ ఒక వత్తి తీశాం. చివరి కట్ట నిండింది, పళ్లెంలో ఒక్కటీ మిగల్లేదు. బడి తెరిచాక తాతయ్యే నా వెంట వచ్చి, "మా మనవరాలికి పెద్ద లెక్కలు రాయండి. ఈ పిల్ల లక్షని కూడా కుదురుగా పంచేస్తుందండి," అన్నారు హెడ్మాస్టరుగారితో.

ఆ పెద్ద లెక్కల్లోనే తెలిసింది: లక్షా నూటపదహారుని విడదీస్తే రెండు రెండుసార్లు, మూడు అయిదుసార్లు, ఇక దేనికీ లొంగని ప్రధాన సంఖ్య నూటమూడు ఒక్కసారి వస్తాయి. నూటెనిమిదికి కావలసిన రెళ్లూ మూళ్లూ అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు వత్తులు మిషన్లు చేస్తున్నాయి. లాభం అంటూ కొలిచే గొంతులు వినబడవు. సాయంత్రాలు మా అరుగుమీదికి లెక్కలు చెప్పించుకోవడానికి ఆడపిల్లలు వస్తారు. ఇంట్లో ఎవరిని ఒప్పించి వచ్చావని ఒకమ్మాయిని అడిగితే, నా ప్రశ్నే అర్థంకానట్టు చూసింది. పోయినవాటిలో ఆ ఒక్కదానికి మాత్రం నాకు బెంగ లేదు.