మంచు తగలని బంతి

ఏడాది కారానికని దర్శి దగ్గర్నుంచి కోటేశ్వరమ్మ పంపిన మిరపకాయలకు మొన్న మధ్యాహ్నం తొడిమలు తీస్తున్నాను. ఘాటుకి కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి. బస్తా అడుగున చెయ్యి పెడితే గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. తీరా తీసి చూస్తే గోల్ఫు బంతి. ఎర్ర రంగు సగం రాలిపోయింది. మట్టి తుడిచి వేలితో తడిమితే చాకుతో పెట్టిన గాటు తెలిసింది. ఇక ఆ పూట తొడిమల పని సాగలేదు.

దర్శి పక్క పల్లెలో గోల్ఫేమిటని మీరు నవ్వుకుంటారు. మేమూ నవ్వాం. అక్కడి పత్తి జిన్నింగు మిల్లులో చేరేనాటికి నాకు పాతికేళ్ళు. దూదిలో గోనె పీచు గానీ, తల వెంట్రుక గానీ, రంగు దారం గానీ పడితే కనిపెట్టడం నా పని. మేనేజరు రాఘవయ్య గారు పంచె కట్టుకుని, దాని కింద కాన్వాసు బూట్లు వేసుకునే మనిషి. వయసులో ఉండగా నీలగిరుల్లో టీ తోటలో ఉద్యోగం చేస్తూ ఈ ఆట అంటించుకొచ్చారు. మిల్లు వెనక బీడులో అయిదు గుంటలు తవ్వించి, ఒక్కో గుంటలో ఒక నూనె డబ్బా పాతించారు. డబ్బా చుట్టూ నున్నటి పచ్చిక ఉండాలట. మా నేలలో పచ్చిక ఎక్కడ మొలుస్తుంది? మిరపకాయలు ఆరబోసే కల్లం చేసినట్టే నీళ్ళు చల్లించి, దిమ్మిస కొట్టించి, పేడతో అలికించారు. పేడ అలికి గోల్ఫు ఆడేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద తామే అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

నన్ను ఆటలోకి దింపింది నా కళ్ళే. ఆయనకి నీటికాసులు. చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతోంది. కొట్టిన బంతి ఎటు పోయిందో ఆయనకి తెలిసేది కాదు. ఒక బేలు కట్టేంత దూది కుప్పలో ఒక్క వెంట్రుకని పట్టుకున్నానని తెలిసి, ఆదివారం పొద్దున్నే బీడుకి రమ్మన్నారు. బంతులు వెతికి పెట్టడానికే అనుకుని మూతి ముడుచుకుని వెళ్ళాను. ఆయన నా చేతికి బంతి కొట్టే కర్ర ఇచ్చారు. వెతికేవాళ్ళకి పోగొట్టుకోవడం కూడా తెలియాలన్నారు. ఆ ఒక్క విద్యా నాకు తొందరగానే పట్టుబడింది. మొదటి రోజే నాలుగు పోగొట్టాను.

మా బీడుకి ఒకపక్క కోటేశ్వరమ్మ పత్తి చేను, మరోపక్క ఆవిడ మిరప కల్లం. పత్తి పగిలే రోజుల్లో తెల్ల బంతి అందులో పడిందంటే అంతే సంగతులు. చేనంతా బంతులే కనిపిస్తాయి, మనది తప్ప. రాఘవయ్య గారు గడియారం చూసి మూడు నిమిషాలు వెతకనిచ్చేవారు. నాలుగో నిమిషంలో కాలి కింద తగిలినా అది పోయిన బంతే. వెనక్కొచ్చి ఇంకోటి పెట్టుకోవాలి, ఒక దెబ్బ ఎక్కువ రాసుకోవాలి. మా ఇంట్లో దువ్వెన పోతే మూడు రోజులు వెతుకుతామండీ అని నేను సణిగితే, అందుకే మీ ఇంట్లో ఎవరూ తల దువ్వుకున్నట్టు కనపడరని అనేవారు.

పత్తిలో బంతులు పోకుండా ఉపాయం కనిపెట్టింది నేనే. బేళ్ళ మీద నంబర్లు వేసే ఎర్ర రంగు తెచ్చి బంతులన్నిటికీ రెండు పూతలు పూశాను. ఏ ముహూర్తాన పూశానో గానీ, రంగు ఆరి ఆటకి దిగేసరికి చేలో పత్తి తీతలు అయిపోయాయి. కల్లం నిండా మిరపకాయలు పరిచారు. రాఘవయ్య గారి మొదటి దెబ్బకే బంతి వెళ్ళి ఆ ఎర్రటి పరుపులో కూర్చుంది. నా బంతి దాని వెనకే వెళ్ళింది. కల్లంలోకి చెప్పులతో అడుగు పెడితే కోటేశ్వరమ్మ ఊరుకోదు. ఇద్దరం కాళ్ళు కడుక్కుని, వంగి, తుమ్ముకుంటూ వెతుకుతుంటే ఆవిడ గట్టు మీద నించుని, చదువుకున్నోళ్ళ తెలివి ఇట్టాగే ఉంటదని సాగదీసింది. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోబోయి, మిరపకాయలు ముట్టిన చేత్తోనే తుడుచుకున్నారు. ఆ ఆదివారం ఆట అక్కడితో సరి.

మరుసటి ఏడు పత్తి వేళకి ఆయన చూపు బాగా తగ్గింది. ఎర్ర రంగూ ఆయన కంటికి ఆనడం లేదు. చేత్తో గుర్తుపట్టడానికని ప్రతి బంతికీ చాకుతో గాటు పెట్టుకున్నారు. ఒక పొద్దున, రాత్రి కురిసిన మంచుకి నేలంతా తడిసి ఉంది. నాలుగు గుంటలు ఎప్పుడూ లేనంత బాగా ఆడారు. చివరి గుంటకి కొట్టిన దెబ్బ పక్కకి జారి, బంతి చేను దాటి వాగులో పడింది. పడటం నేను చూశాను. మొహం వెలిగిపోతూ, ఎక్కడుందమ్మా అని అడిగారు. వాగులో పడిందని చెప్పడానికి మనసు రాలేదు. సంచిలోంచి ఇంకో బంతి తీసి గట్టు మీద పెట్టి, దొరికిందండీ, చేను ఇవతలే ఆగిందన్నాను.

ఆయన వచ్చి, వంగి, ఎక్కడుందో తెలియడానికి వేళ్ళతో తాకారు. తాకిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈ బంతికి మంచు తగల్లేదేమ్మా," అన్నారు.

నేను తల వంచుకున్నాను. నిజమే, గట్టు మీది గడ్డి అంతా తడిసి ముద్దయింది, బంతి మాత్రం సంచిలోని వెచ్చదనంతో పొడిగా ఉంది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నువ్వు చెప్పిన చోటల్లా అడుగేస్తున్నాను. నన్ను సంతోషపెట్టడానికి చెప్తున్నావో, చూసి చెప్తున్నావో తెలియకపోతే ఎట్లా నడవమంటావు?"

చేతికర్రతో తడుముకుంటూ ఒక్కరే మిల్లు వైపు వెళ్ళిపోయారు. తర్వాత రెండు ఆదివారాలు కబురు రాలేదు. మిల్లులో మాత్రం మామూలుగానే పలకరించేవారు. అదే నన్ను తినేసింది. నా జీతం పోతుందన్న భయం కాదు, ఆ మనిషి నా మాట మీద మళ్ళీ అడుగు వెయ్యరేమోనని దిగులు. మూడో ఆదివారం పిలవకుండానే వెళ్ళాను. ఆయన కొట్టారు. బంతి పత్తిలో పడింది. మూడు నిమిషాలూ వెతికి, చేతులు గీరుకుపోయి వచ్చి, పోయిందండీ అన్నాను. నిజంగానా అన్నారు. నిజంగానే అన్నాను. ఇంకోటి తియ్యమని చెయ్యి చాపారు. ఒక బంతి పోయినందుకు అంత సంతోషించిన రోజు నాకు మరొకటి లేదు.

ఆ వేసవిలో గుంటూరులో ఆయన కళ్ళకి ఆపరేషన్ చేశారు. చూపు ఇక రాదని డాక్టరు ఆయన భార్య కమలమ్మ గారికీ నాకూ బయట వరండాలో చెప్పాడు. ఇప్పుడే చెప్పొద్దు, నెమ్మదిగా వస్తుందని అందాం అని కమలమ్మ గారు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. సరేనన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. గదిలోకి వెళ్ళాం. ఆయన కట్టు కట్టిన మొహం ఆవిడ వైపు తిప్పలేదు, నా అడుగుల చప్పుడు వైపు తిప్పారు.

"ఏమంటున్నాడమ్మా డాక్టరు?"

కమలమ్మ గారు నన్నే చూస్తున్నారు. నేను మంచం దగ్గరికి జరిగాను.

"చూపు ఇక రాదంటండీ."

ఆయన దిండు పక్కన తడిమి గడియారం అందుకుని, కట్టుకున్నారు.

"మూడు నిమిషాలూ వెతికారుగా?"

"వెతికారండీ. ఇద్దరు డాక్టర్లు చూశారు."

"అయితే ఇంకో బంతి తియ్యి," అన్నారు. కమలమ్మ గారు అప్పుడు నా భుజం మీద తల పెట్టుకుని బావురుమన్నారు.

ఆ తర్వాత ఆయన ఇంకో నాలుగేళ్ళు ఆడారు. అలికిన నేల మీద బంతి దొర్లే చప్పుడు వినేవారు, డబ్బాలో ఠంగుమంటే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవారు. చేతికర్ర కమలమ్మ గారికి ఇచ్చేసి, చెప్పమ్మా అని నా వైపు తిరిగేవారు. పది అడుగులు ముందుకి, ఎడమన గుంట ఉంది అంటే, తడుముకోకుండా పది అడుగులు వేసేవారు. ఆఖరిసారి కొట్టిన బంతి కోటేశ్వరమ్మ కల్లంలోకే పోయింది. చెప్పులు విడిచి, మూడు నిమిషాలు వెతికి, పోయిందండీ అని వచ్చాను. పోనీలే, కోటేశ్వరమ్మ కూరలో పడుతుందన్నారు. ఆ వారమే నిద్రలో వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేనుండే ఊరి మిల్లులోనూ ఏది పాడైనా, ఏది పోయినా, ముందు నా నోటి నుంచే బయటికొస్తుంది. నేను నోరు తెరిస్తే దుర్వార్తేనని మావాళ్ళు ఎగతాళి చేస్తారు. అయినా నేను బాగుందన్న సరుకుని ఎవరూ రెండోసారి చూడరు.

మొన్న ఆ బంతిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గాటు నిండా మిరప దుమ్ము. వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అయినా పైకే అన్నాను.

"దొరికిందండీ. ఈసారి నిజంగానే."