నడిమి మీటలు

మా అక్క గొంతు మైకుకి పనికిరాదని ఒకప్పుడు మా వీధి మొత్తం నమ్మింది. అది నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకు తిరిగాను. ఎనభైల నడుమ మాట ఇది. అప్పట్లో మా మాచర్లలో టేప్ రికార్డర్ ఉన్నవాడు గొప్పవాడు, దానికి ఈక్వలైజర్ తగిలించుకున్నవాడు ఇంకా గొప్పవాడు, ఆ ఈక్వలైజర్ మీటల్ని పైకీ కిందికీ జరపడం తెలిసినవాడైతే ఇక చెప్పక్కర్లేదు. స్టేషన్ రోడ్డులో పాటల క్యాసెట్లు నింపి ఇచ్చే షాపులో నేను పనికి చేరి ఏడాదైంది. వీధిలో అందరూ నన్ను 'సౌండు డాక్టర్' అనేవాళ్ళు. (ఆ పేరు మొదట ప్రచారంలో పెట్టింది నేనే.)

అక్కంటే మా పెదనాన్న కూతురు. ఇంటర్ పూర్తిచేసి ఇంట్లో ఉండేది. ఆమె పెరట్లో అంట్లు తోముతూ పాడుతుంటే పక్కింట్లో రేడియో కట్టేసేవాళ్ళు. నరసరావుపేటలో పెళ్ళిళ్ళకు పాడే ఒక ఆర్కెస్ట్రా వాళ్ళకి ఆడగొంతు కావాలనీ, పాట క్యాసెట్టు పంపితే విని చెబుతారనీ కబురొచ్చింది. పెదనాన్న పత్తి రైతు, మాటంటే మాటే. "పంపండి. వాళ్ళు బాగుందంటే పాడుకో, నేనడ్డం రాను. బాలేదన్నారా, ఇంక నా ఇంట్లో ఈ పాటల గోల వినపడకూడదు" అన్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ డాక్టరూ, ఇంక నీదేరా భారం" అంది. నేను చొక్కా కాలర్ సర్దుకున్నాను.

పల్నాడులో అంతటి స్టూడియో ఇంకోటి ఉండదని ఇప్పటికీ నా నమ్మకం. రేటు పెరుగుతుందని పెదనాన్న అమ్మకుండా ఆపిన పత్తి ఒక గది నిండా ఉండేది. అందులో నిలబడి మాట్లాడితే ప్రతిధ్వని లేదు, బయటి బస్సు హారన్ కూడా లోపలికి రాదు. రెంటచింతల చర్చిలో గిటార్ వాయించే అన్నను పిలుచుకొచ్చాం. పాట ఆ రోజుల్లో రేడియోలో రోజూ వచ్చే సినిమా పాటే. సినిమాలో వంద వాయిద్యాలు మోగిన దాన్ని ఒక్క గిటార్ మీద లాగించాలి. మే నెల, మిట్టమధ్యాహ్నం. తలుపులు మూసి, చప్పుడు పడుతుందని ఫాను కూడా కట్టేశాను. "మాది రెంటచింతల రా, ఎండ మాకు చుట్టం" అని కోతలు కోసిన గిటార్ అన్న పల్లవి దాటకముందే తడిసి ముద్దయ్యాడు. ఉన్నది ఒక్కటే మైకు కాబట్టి మిక్సింగ్ అంటే మనుషుల్ని జరపడమే. "అన్నా, గిటార్ ఎక్కువైంది, ఎనక్కి జరుగు." "ఇంకేడికి జరిగేదిరా? పత్తిలో దిగబడిపోయా!" అక్క మాత్రం చెమట తుడుచుకోకుండా, ఒక్క చోట కూడా తడబడకుండా, కళ్ళు మూసుకుని పాడింది.

అసలు వైద్యం షాపులో మొదలైంది. ఒక టేపులో పాట పెట్టి, ఈక్వలైజర్ గుండా ఇంకో టేపులోకి ఎక్కించాలి. మీటలు ఐదు. ఎడమ చివరిది పెంచితే డోలు ధంధంమంటుంది, కుడి చివరిది పెంచితే మువ్వలు జిల్లుమంటాయి. మా ఊళ్ళో టీ హోటలు మొదలు సైకిల్ షాపు దాకా ఎవరి ఈక్వలైజర్ చూసినా రెండు చివర్లూ పైకి, నడుమ కిందికి, అచ్చం ఊయల వంపులాగా ఉండేది. అట్లా లేకపోతే ఆ షాపువాడికి పని రాదనేవాళ్ళు. నేనూ అద్దంలో పాపిడి దువ్వుకున్నంత శ్రద్ధగా ఆ వంపు దిద్దాను. మనిషి గొంతు ఉండేది ఆ నడిమి మీటల్లోనే అన్న సంగతి సౌండు డాక్టరుకి తెలియదు. అక్క వచ్చి విని మొహం చిట్లించింది.

"నా గొంతేదిరా? బాయిలో నుంచి పాడినట్టుంది."

"నీకు తెలవదులే అక్కా. స్టీరియో అంటే అట్టానే ఉంటది."

క్యాసెట్టు నరసరావుపేట వెళ్ళింది. వారం తర్వాత ఆర్కెస్ట్రా మనిషి దాన్ని తిరిగివ్వడానికి స్వయంగా వచ్చాడు. "గిటార్ చానా బాగుందండీ, ఆ కుర్రాణ్ణి పంపండి. అమ్మాయి గొంతులోనే బలం లేదు." పెదనాన్న కండువా దులిపి భుజాన వేసుకుని, "విన్నావుగా, ఇంక చాలు" అన్నాడు. అక్క ఏడవలేదు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత పెరట్లో అంట్ల చప్పుడు మాత్రమే వినిపించేది.

మర్నాడు షాపులో దుమ్ము తుడుస్తూ మీటలన్నీ ఒకే వరసలోకి తెచ్చి, ఊరికే అసలు టేపు పెట్టాను. అక్క నా పక్కన నిలబడి పాడుతున్నట్టుంది! పరుగెత్తి పెదనాన్నకు చెప్పాల్సింది. చెబితే నా డాక్టరీ ఏమయ్యేది? చెప్పలేదు. పైగా ఆ టేపు మీద సినిమా డైలాగులు ఎక్కించి చెరిపేశాను. (గిటార్ అన్న ఆ ఏడాది అన్ని పెళ్ళిళ్ళలోనూ భోంచేసి లావయ్యాడు. నన్ను చూసినప్పుడల్లా "నీ చలవేరా" అనేవాడు. ఆ మాట గుచ్చుకునేది.)

అక్క ఇప్పుడు గురజాలలో ఉంటోంది. ఈ మధ్య అటక మీది పాత ఈక్వలైజర్, టేప్ రికార్డర్, స్పీకరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. నరసరావుపేట నుంచి తిరిగొచ్చిన ఆ క్యాసెట్టును ఆమె చీరల అడుగున దాచుకుందని తెలిసే వెళ్ళాను; అడగ్గానే తీసిచ్చింది. రెండు చివరి మీటలూ కిందికి లాగి, నడిమివి పైదాకా తోశాను. ముందు వర్షం కురుస్తున్నట్టు ఒకటే బుసబుస. దానిలోంచి మెల్లగా అక్క గొంతు లేచింది, పంతొమ్మిదేళ్ళది. చరణం ముందు ఖాళీలో, అప్పుడు ఎవరికీ వినపడని గిటార్ అన్న గొణుగుడు కూడా బయటపడింది: "ఫానెయ్యండ్రా, సచ్చిపోతన్నా!" అక్క పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మీటల వంక చూసింది. అవి ఊయల బోర్లాపడినట్టున్నాయి.

"మరి ఆ రోజు ఇట్టా ఎందుకు పెట్టలేదురా?"

"చూట్టానికి బాగుండదని అక్కా" అన్నాను. ఆ కాలర్ సర్దుకునే కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నట్టనిపించి నాకూ నవ్వొచ్చింది. "నీ గొంతులో బలం లేకపోవడం కాదు, నేనే తగ్గించా. మర్నాడే తెలిసింది, అయినా పెదనాన్నకి చెప్పలా. తప్పు నాదక్కా, నన్ను క్షమించు."