గడియ వేసిన తలుపు

మా ఇంగ్లీషు మాస్టారికి తలుపులు మూయించడం ఒక జబ్బు. పదో తరగతికి విని రాసే పరీక్ష పెట్టినప్పుడల్లా గడియ తనే వేసి, "ఇక నా గొంతు తప్ప ఏదీ వినపడకూడదు. ఒక్కసారే చదువుతాను" అనేవారు. గ్రామరు ప్రశ్నలూ, మాటల అర్థాలూ అన్నీ ఆయన చదివిన పాఠంలోంచే వచ్చేవి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఆ గడియ చప్పుడుకే మేము మాటలాపి కలాలు పట్టేవాళ్ళం.

దివిసీమను ఉప్పెన ముంచేశాక, మా చల్లపల్లి బడిలో మళ్ళీ ఆ పరీక్ష పెట్టారు. మాస్టారు మొదటి వాక్యం చదివారో లేదో, బయట గాలి లేచి తలుపు దడదడలాడింది. ఆ ఉప్పెన తర్వాత సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"తలుపు తీయండి మాస్టారూ."

"కూర్చో!"

ఆమె కూర్చోలేదు. "నీళ్ళొచ్చాక తీద్దామంటే తలుపు రాదండీ. మా నాన్న ఎంత లాగినా రాలేదండీ."

మాస్టారు చేతిలో పుస్తకం వైపు చూశారు, తలుపు వైపు చూశారు. వెళ్ళి గడియ తీసి, రెక్క కొట్టుకోకుండా దానికి వీపు ఆనించి గుమ్మంలోనే నిలబడ్డారు. గాలికి పంచె ఎగురుతుంటే, గొంతు చించుకుని చివరిదాకా చదివారు. అప్పుడు ఆ అమ్మాయి వైపు తిరిగి, మమ్మల్ని ఎన్నడూ అడగని మాట అడిగారు.

"వినపడిందా అమ్మా? ఇంకోసారి చదవనా?"